తొమ్మిదంకెల గడి

అమెరికా సంయుక్తరాష్ట్రములలో అక్టోబరు మాసము వచ్చినదనగా ఉన్నతపాఠశాలల తుదితరగతి విద్యార్థులకు దరఖాస్తుల కాలము వచ్చినదన్నమాట. కళాశాల జీతమునకై ఫెడరల్ ప్రభుత్వ సహాయమును కోరువారు ‘ఫాఫ్సా’ యను పత్రమును పూరింపవలెను. అందు పౌరసత్వమును గూర్చి యొక ప్రశ్న గలదు. సోషల్ సెక్యూరిటీ సంఖ్య వ్రాయుటకు తొమ్మిదంకెల గడి గలదు. రెండేండ్ల ప్రాయమున తల్లి చంకనెక్కి సరిహద్దు దాటి వచ్చిన బిడ్డ ఆ గడియొద్ద ఆగిపోవును. వాడెరిగిన దేశము అదియే. వాడు కలలుగను భాష ఆ దేశభాషయే. అయినను వాని సంఖ్య లేదు.

ఇందలి వైపరీత్యమును పాఠకులు గమనింపవలెను. కాగితములు లేని బిడ్డలకు చదువు చెప్పుటకు ధనమీయమని టెక్సాసు రాష్ట్రము 1975లో శాసించెను. టైలరు పట్టణపు పాఠశాలాధికారులు అట్టివారినుండి ఏటికి వేయి డాలర్లు వసూలు చేయబూనిరి. తల్లిదండ్రుల నేరమునకు బిడ్డలను దండింపరాదని, పాఠశాలలనుండి వారిని వెలివేయరాదని 1982లో అత్యున్నత న్యాయస్థానము ఐదుగురు నలుగురుగా చీలి తీర్పుచెప్పెను. కావున పండ్రెండవ తరగతివరకు వారికి చదువు ఉచితము. అటుపిమ్మట ఫెడరల్ విద్యార్థి వేతనము లేదు, ఋణము లేదు, పనిచేసి చదువుకొను సౌకర్యమును లేదు. పండ్రెండేండ్లు వడ్డించి విస్తరిముందునుండి లేపుట యేపాటి ధర్మము?

2001లో టెక్సాసు రాష్ట్రమే యీ బిడ్డలకు స్థానికుల జీతమును అనుమతించిన మొదటి రాష్ట్రమయ్యెను. సంతకము చేసిన గవర్నరు రిక్ పెర్రీ రిపబ్లికను కక్షివాడే. కాలిఫోర్నియా అదే యేట ఆ దారి పట్టి, 2011లో రాష్ట్రధనమునుండి సహాయమును గూడ సమకూర్చెను. కాని 2025 జూనులో ఫెడరల్ ప్రభుత్వము దావా వేసిన దినముననే టెక్సాసు తలయొగ్గెను. ఇరువదినాలుగేండ్ల శాసనము ఒక్కపూటలో నేలగూలెను. ఎదుర్కొనక ఓడిపోవుట యిట్లుండును కాబోలు! ఫ్లోరిడాయు ఆ సంవత్సరముననే తన సౌకర్యమును రద్దుచేసెను.

చట్టము మీరినవారి సంతానమునకు పౌరుల సొమ్మేల యని యడుగువారు కలరు. కాగితములు లేనివారు 2022లో చెల్లించిన పన్నులు 9,670 కోట్ల డాలర్లని పన్నులను పరిశోధించు ఆ దేశపు సంస్థయొకటి లెక్కగట్టినది. పన్ను గొనునపుడు కానరాని దోషము పంక్తియందు మాత్రము కానవచ్చుట ప్రభుత్వములకు వాడుకయే. పరపాలనమున పన్నులు గట్టిన జాతికి ఈ న్యాయము క్రొత్తగాదు.

2012లో ఒబామా ప్రభుత్వమిచ్చిన ‘డాకా’ రక్షణ కలదుగదా యనవచ్చును. అందు చేరుటకు 2007 జూను 15 నాటికే ఆ దేశమున నివసించుచుండవలెను. నేడు పదునేడేండ్ల బిడ్డ ఆనాటికి పుట్టనేలేదు!

ఇక మనవారి సంగతి. హెచ్‌-1బి వీసాపై వెళ్లిన తెలుగు కుటుంబముల బిడ్డలు తల్లిదండ్రుల నీడన పెరిగి, ఇరువదియొకటవ యేట ఆ నీడ కోల్పోవుచున్నారు. ఒక్కొక్క దేశమునకు నూటికి ఏడను పరిమితివలన భారతీయుల పచ్చకార్డుల వరుస దశాబ్దములు సాగుచున్నది. ఫెడరల్ సహాయము వీరికిని లేదు. డాకాయు లేదు, ఏలనగా 2012 జూను 15న చట్టబద్ధమైన హోదా లేనివారికే అది వర్తించును. చట్టమును పాటించుటయే వీరి యపరాధమైనది! వీరికై 2021లో ప్రవేశపెట్టబడిన బిల్లు శాసనము గాలేదు. అయినను మనవారిలో కొందరు ‘మేము వారివంటివారము గాము’ అని మెక్సికోవారి బిడ్డలనుండి దూరముగ జరుగుచున్నారు. ఇది మాకు సిగ్గుగా నున్నది. గడి యొక్కటే, గోడ యొక్కటే. జీతముల తిరిగి చెల్లింపుకై కులపత్రము, ఆదాయపత్రము పట్టుకొని మండల కార్యాలయము చుట్టు దిరిగిన తండ్రికి, కాగితము బిడ్డచదువున కెట్లు అడ్డుపడునో యొకరు చెప్పవలెనా?

ఒక హెచ్చరిక మాత్రము చేయక తప్పదు. ఆశకొలది ‘పౌరుడను’ అని గురుతు పెట్టువారు తమ గొయ్యి తామే త్రవ్వుకొందురు. 1996 నాటి శాసనము ప్రకారము ఆ యబద్ధము ఆ దేశమున స్థిరనివాసమును దాదాపు శాశ్వతముగా మూసివేయును. సహాయము రాని పత్రమును ఫెడరల్ ప్రభుత్వమునకు పంపి తమ యింటి జాడ తెలుపుటయు వివేకము గాదు. కాలిఫోర్నియాలోవలె రాష్ట్రము వేరుపత్రము పెట్టినచోట దానినే వాడవలెను. లేనిచోట కళాశాల సొంతనిధిని అడుగవలెను. బిడ్డ పౌరుడై తల్లిదండ్రులకు కాగితములు లేనిచో చిక్కు మరియొకటి. హక్కు బిడ్డదే, కాని తల్లిదండ్రుల వివరములు తెలుపవలెను. పన్నులశాఖ 2025 ఏప్రిలులో వలసలశాఖతో సమాచారము పంచుకొనుటకు ఒప్పుకొన్న పిమ్మట, ఆ తల్లి చేయి వణకినచో తప్పు ఆమెది గాదు.

ప్రైవేటు విరాళములకు ఈ నిషేధము లేదు. అమెరికాయందలి తెలుగు సంఘములు మహాసభలకు, విందులకు ధనము ధారాళముగ వెచ్చించుచున్నవి. అందొక పాలు ఈ బిడ్డల జీతములకు మరల్పవలెను. తమ విద్యార్థి వేతనముల దరఖాస్తులలో పౌరసత్వపు గడి యున్నచో దానిని కొట్టివేయవలెను. వచ్చు అక్టోబరులోపల ఇది జరుగవలెను.