హెచ్చరిక వినబడితే చాలదు, అర్థం కావాలి

తుపాను వచ్చినప్పుడల్లా వార్తల్లో ఒక మాట వింటూ ఉంటాం: "మచిలీపట్నం రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు." ఈ సూచికలు 1 నుంచి 11 వరకు ఉన్నాయి. వాటిని ఏర్పాటు చేసింది ఓడల కోసం. నావికుడికి వాటి అర్థం తెలుసు. మరి తీరాన గుడిసెలో ఉన్న అవ్వకు? ఇల్లు వదలాలో, అక్కరలేదో ఆ అంకె ఆమెకు చెప్పదు కదా!

1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపింది గాలి కాదు, నీరు. తుపాను గాలి సముద్రపు నీటిని లోతు తక్కువైన తీరంమీదికి నెట్టుకొస్తుంది. అదే ఉప్పెన. 1990 మే నెలలో ఇంచుమించు అంతటి తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి మరణాలు వెయ్యిలోపే. ముందుగానే లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడం ఇందుకు ముఖ్య కారణం.

అంటే, కబురు మనిషిని కదిలించినప్పుడే ప్రాణం దక్కుతుంది. ఈ రెండు మాటలూ పోల్చి చూడండి. "గంటకు 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయి, అప్రమత్తంగా ఉండండి." "ఈ రాత్రి సముద్రం మన వీధిలోకి మనిషి లోతున రావచ్చు. చీకటి పడకముందే షెల్టరుకు వెళ్ళండి. గేదెల కట్లు విప్పేయండి." ఏది విన్నవాళ్ళు లేచి బయలుదేరతారు?

ఉత్త భయం పెట్టినా లాభం లేదు. దారి చూపకుండా భయపెడితే మనిషి చెవులు మూసుకుంటాడు. "పోయినసారీ ఇలాగే చెప్పారు, ఏమీ కాలేదు" అనేవాళ్ళూ ఉంటారు. తుపాను దారి మళ్ళవచ్చు. ఆ సంగతి దాచకూడదు. "రాకపోవచ్చు కూడా. వస్తే మాత్రం పారిపోయే వ్యవధి ఉండదు" అని ఉన్నదున్నట్టు చెప్పాలి. అలా చెప్పినవారి మాటను జనం మళ్ళీసారి కూడా నమ్ముతారు.

ఇప్పుడు వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలిస్తోంది. ఎరుపంటే వెంటనే కదలమని. ఇది మంచి మార్పే. అయితే ఆ రంగును మీ ఊరి మాటల్లోకి మార్చేదెవరు? అది చదువుకున్న మీ పని. షెల్టరు ఎక్కడుంది, ఏ దారి ముందు మునుగుతుంది, నడవలేని తాతను ఎవరు తీసుకెళ్ళాలి? ఆకాశం నిర్మలంగా ఉన్న రోజునే ఇవన్నీ తెలుసుకుని, ఇంట్లో చెప్పండి.