తెలుపు నలుపుల్లో బీట్‌బాక్స్

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన ‘సో ఫార్ సో గుడ్’ అనే చిన్న సంస్థ 2009లో ఇంక్రెడిబాక్స్ అనే బీట్‌బాక్స్ (నోటితోనే తాళం వాయించే) ఆటను తెచ్చింది. తెర మీద ఏడుగురు వరుసగా నిలబడి ఉంటారు. కింద ఉన్న గుర్తుల్లో ఒకదాన్ని లాగి ఒకరి మీద వదిలితే చాలు, అతను వేషం మార్చుకుని ఒక బీటో, రాగం ముక్కో అందుకుంటాడు. పక్కవాడి మీద ఇంకొకటి వేస్తే అది దీనికి జతకలుస్తుంది. శబ్దాలన్నీ ఒకే లయకు కొలిచి పెట్టినవి కాబట్టి, సరిగమలు రాని పిల్లలు ఏం కలిపినా తాళం తప్పదు.

ఈ ఆటను అభిమానులు ఊరికే ఆడి వదిలిపెట్టలేదు. తమ బొమ్మలతో, తమ శబ్దాలతో కొత్త రూపాలు కట్టారు. వాటిలో 2024లో వచ్చిన స్ప్రంకీ పిల్లల లోకాన్ని ఊపేసింది. అందులో రంగే ప్రాణం: నారింజ రంగువాడు ఓరెన్, ఎర్రనివాడు రాడీ, గులాబీ పిల్ల పింకీ. పేరులోనే రంగుంది.

మరి ఆ రంగునే తీసేస్తే?

కొందరు అభిమానులు చేసిన పని సరిగ్గా అదే. తెల్లటి నేపథ్యం, నల్లటి గీతలు, అక్కడక్కడా బూడిద నీడ. చూడగానే అసంపూర్తి పనిలా అనిపించవచ్చు గానీ, అది తొందరపాటు తీర్పు. రంగు లేనప్పుడు పింకీని కుందేలు చెవుల్ని బట్టి, రాడీని కొమ్ముల్ని బట్టి గుర్తుపట్టాలి. ఇద్దరినీ కలిపాక ఏ శబ్దం ఎవరిదో చెవితోనే తేల్చుకోవాలి. ఒకరిని ఆపి, మిగతావాళ్లను వింటూ, మళ్లీ కలుపుతూ పోవాలి. స్టూడియోలో మిక్సింగ్ ఇంజనీరు చేసే పనిలో ఇదీ ఒక భాగమే. రంగుతో పనిలేదు కాబట్టి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని పిల్లలు కూడా అందరితో సమానంగా ఆడగలరు.

అయితే పాత బొమ్మల మీద బూడిద రంగు పూసి ‘మినిమలిస్ట్’ అని పేరు పెట్టేస్తే చాలదు. అలాంటి వాటిలో బొమ్మలన్నీ ఒకేలా కనబడి ఆట విసుగెత్తిస్తుంది. రంగు చేసే పనిని గీతకూ కదలికకూ అప్పగించాలి. 2010లో డెన్మార్క్ సంస్థ ప్లేడెడ్ తెచ్చిన లింబో ఆట నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. అందులో నీడ ఆకారం, నడక చూసి ఏది ప్రమాదమో పోల్చుకోవచ్చు. అభిమానులు నేర్చుకోవలసింది ఆ కసరత్తు.

తల్లిదండ్రులకు ఒక మాట. స్ప్రంకీలో నల్ల టోపీ గుర్తును వాడగానే తెర చీకటై, బొమ్మలు నెత్తుటి రూపాల్లోకి మారతాయి. రంగు లేని రూపాల్లోనూ ఆ భాగం ఉండవచ్చు. పిల్లల చేతికిచ్చే ముందు ఒకసారి ఆడి చూడాలి.

ఇలాంటి రూపాలు చేసేవారికీ ఒక మాట: ఎవరి పనిని మార్చారో వారి పేరు చెప్పడం తప్పనిసరి. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్ వేదిక తోటివారి ప్రాజెక్టును మార్చుకోనిస్తుంది, కానీ మూలకర్తను ప్రస్తావించమంటుంది. గీతలు సొంతంగా గీసినవారు శబ్దాలు మాత్రం ఎందుకు అరువు తేవాలి? ఫోన్‌లో రికార్డు చేసిన చప్పట్లు, చిటికెలు, ఇంట్లో ఉంటే ఒక డప్పు దెబ్బ చాలు, మొదటి బీటుకు.