ఒకే యుద్ధం, రెండు జ్ఞాపకాలు

దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) ఎప్పటిలాగే గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగింది. 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధంలో అన్న, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజును పోగొట్టుకున్న చెల్లెలు పైడితల్లి దుఃఖమే ఇక్కడ భక్తిగా మారిందని జనం నమ్మకం. ఆయనను చంపిన తాండ్ర పాపారాయుడు బొబ్బిలిలో వీరుడు. అరవై కిలోమీటర్లైనా లేని దూరంలో ఒకే నెత్తురు రెండు ఊళ్లకు రెండు స్వభావాలనిచ్చింది. నమ్మకాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే బొబ్బిలి కోటపై పేలిన ఫిరంగులు ఫ్రెంచి సేనాని బుస్సీవన్న సంగతీ, లోపల ప్రాణాలు విడిచిన స్త్రీల, పిల్లల సంగతీ ఈ సంబరాల్లో అరుదుగా వినిపిస్తాయి. సిరిమానును రాష్ట్ర పండుగ చేసిన ప్రభుత్వం బొబ్బిలి యుద్ధ స్తంభాన్నీ అంతే శ్రద్ధగా చూసుకోవాలి. ఉభయ పక్షాల కథనూ జిల్లా బడుల్లో పాఠం చేయాలి.