పన్నెండు చింతపిక్కలు

మా సొసైటీలో నడిచే జాగాను ఎవరూ లాక్కోలేదు. మేమే వదులుకున్నాం. వదులుకున్నాం అనడం కూడా పూర్తి నిజం కాదు. తలా కొంచెం తీసుకున్నాం. మొదట తీసుకున్నవాణ్ణి నేనే.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జంషెడ్‌పూర్ టాటా కంపెనీకి వచ్చినవాళ్ల పిల్లలం మేం. కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేశాక ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌లో ఫ్లాట్లు కొనుక్కున్నాం. ఇరవై నాలుగు ఇళ్లలో ఎనిమిది మనవాళ్లవి, మిగతావి బిహారీలవి, బెంగాలీలవి, ఒడియావాళ్లవి. రెండు బ్లాకుల మధ్య ఇటుకలు పరిచిన బాట, పక్కన కాస్త మట్టినేల, ఒక వేపచెట్టు ఉండేవి. సంక్రాంతికి ముగ్గులేసేదీ, ఛఠ్ పండగ బుట్టలు దించేదీ, పిల్లలు బ్యాటు పట్టేదీ అక్కడే.

మూడో అంతస్తు మామ్మ సాయంత్రాలు అక్కడే పన్నెండు చుట్లు నడిచేది. గుప్పిట్లో పన్నెండు చింతపిక్కలు ఉండేవి. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకటి తీసి మెట్ల పక్క గట్టు మీద పెట్టేది. పిక్కలన్నీ గట్టెక్కాక ఆవిడ కూడా దాని మీదే కూర్చునేది. వచ్చేపోయేవాళ్లందరితో మాట్లాడేది.

నేను కారు కొన్నది వానాకాలంలో. వర్షాలు తగ్గేదాకా బాట మీద పెట్టుకుంటానని మీటింగులో అడిగాను. అప్పుడు సెక్రటరీని నేనే కాబట్టి, అడిగిందీ ఒప్పుకున్నదీ నేనే అనాలి. ఎవరూ కాదనలేదు. మంచితనం అనుకున్నాను. కొంత మంచితనమే. మిగతాది, రేపు తమ కారు కూడా అక్కడే పెట్టాలన్న ఆలోచన. అది నాకు తెలుసు. అందుకే తర్వాత వాళ్లడిగినప్పుడు నాకు నోరు రాలేదు. వర్షాలు తగ్గాయి, కారు మాత్రం కదల్లేదు.

కాకిరెట్టలు పడుతున్నాయని వేపకొమ్మలు కొట్టించాం. మరుసటేడు చెట్టునే కొట్టించాం. బురదవుతోందని మట్టి మీద సిమెంటు బ్లాకులు పరిచాం. గొడవలు రాకూడదని పసుపు గీతలు గీసి ఫ్లాటు నంబర్లు వేశాం. ప్రతి పనికీ ఒక కారణం ఉంది. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

చట్టం మా పక్షానే ఉండింది. ఖాళీ జాగాలో గానీ, స్తంభాల కింద గానీ ఉన్న పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోవడానికి లేదని, అది అందరి ఉమ్మడి జాగా అని ముంబై కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. 2016 నాటి రెరా చట్టం కూడా బయటి పార్కింగును ఉమ్మడి ఆస్తిలోనే చేర్చింది. బిల్డరు చేయకూడదన్న పనిని మేం చీట్లు వేసి మరీ మాకు మేమే చేసుకున్నాం.

కారు చెడ్డదని అనను. ఆదిత్యపూర్ తినే అన్నమే బండ్ల మీదిది. ఇక్కడి చిన్న కర్మాగారాలు టాటా మోటార్స్ లారీలకు విడిభాగాలు చేసి బతుకుతాయి. కానీ కారును నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. మా నాన్న క్వార్టర్‌లో మేం ఐదుగురం పడుకున్న గది అంతకన్నా చిన్నది. ఆ జాగాను, ఆదివారం బిష్టుపూర్ రామమందిరానికి వెళ్లొచ్చే బండికి ఇచ్చాను.

వేరే దారి లేక చేశామనుకుందామంటే, అదీ కుదరదు. జర్మనీలో ఫ్రైబుర్గ్ ఊళ్లో వోబాన్ అనే పేట ఉంది. అక్కడ చాలా వీధుల్లో ఇళ్ల ముందు కారు నిలపరు. కారున్నవాళ్లు పేట అంచున ఉన్న గ్యారేజీలో చోటు కొనుక్కుని అక్కణ్ణుంచి నడిచి వస్తారు. డెన్మార్క్‌లో 1970ల నుంచి కలిసి కట్టుకున్న ఇళ్ల సముదాయాల్లోనూ కార్లు అంచునే ఆగుతాయి. అంత దూరం ఎందుకు, జంషెట్‌జీ టాటా 1902లోనే కొడుక్కి ఉత్తరం రాస్తూ, కట్టబోయే ఊరికి వెడల్పు వీధులు, నీడ చెట్లు, ఆటస్థలాలు ఉండాలని చెప్పాడు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, నది దాటగానే చెట్టు కొట్టించినవాళ్లం మేం.

మామ్మ నడక మానేసింది. మోకాళ్ల నొప్పులంది. నమ్మాం. నమ్మితే మాకు సుఖం కాబట్టి నమ్మాం. ఆవిడ పోయిన రోజున కిందికి దించి స్నానం చేయించడానికి నేల లేకపోయింది. మూడు కార్లు తీయాలి. ఒకదాని తాళం డ్యూటీకెళ్లినతని జేబులో ఉంది. ఆఖరికి పాడె గేటు బయట, రోడ్డు వారన కట్టారు. ఆ మూడింటిలో ఒకటి నాది.

ఈ మధ్య మీటింగులో బాట ఖాళీ చేద్దామన్నాను. ఒక కుర్రాడు మర్యాదగానే, ‘‘ముందు మీరు తియ్యండి బాబాయ్’’ అన్నాడు. తీశాను. నాలుగు రోజులు బయట రోడ్డు మీదే పెట్టాను. ఐదో రోజు రాత్రి పెద్ద వాన పడితే మళ్లీ లోపలికి తెచ్చి నా నంబరు మీదే నిలిపాను. పొద్దున్నే అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు.