పేకకు పట్టిన జోస్యం

మా జవహర్‌నగర్ వీధిలోకి మధ్యాహ్నంపూట వచ్చే కేకల్లో ఒకటి తగ్గిపోయింది. ఉల్లిగడ్డల బండి వస్తుంది, పాత ఇనపసామాన్ల ఆటో మైకు పెట్టుకుని మరీ వస్తుంది. చిలక జోస్యం చెప్పేవాడు మాత్రం రావడం లేదు. రాకపోవడమే మంచిది. రామచిలకను పట్టి పంజరంలో పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఆవిధంగా చిలక బతికిపోయింది. మనం బతికిపోయామా అంటే, అదీ లేదు. చిలక పోయి ఫోను వచ్చింది.

మొన్న ఆదివారం పక్కింటి అమ్మాయి వచ్చి, "బాబాయ్! మంచి సంప్రదాయమైన టారో పేక ఏది కొనాలి? మీకు పాత పేకలంటే పిచ్చి కదా!" అంది.

పిచ్చి ఉన్నమాట నిజమే. మా బీరువాలో ఒక అర బట్టలకు కాక పేకలకు కేటాయించినందుకు మా ఆవిడ నన్ను ఇప్పటికీ క్షమించలేదు. అడిగేవాళ్లు దొరికారన్న సంతోషంతో కుర్చీ ముందుకు జరుపుకున్నాను. అంతలో అమ్మాయి అసలు సంగతి బయటపెట్టింది. బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందట. వెళ్లమంటారా అని ఫోనులో ఒకావిడను అడిగితే, ఆవిడ ముక్కలు కలిపి తీసి, పదమూడో ముక్క, అంటే మృత్యువు బొమ్మ వచ్చిందనీ, ఈ ఏడు ఊరు కదలవద్దనీ చెప్పిందట. దోషం పోవడానికి వేరే రుసుమట.

"అందుకని నేనే ఒక పేక కొని, మళ్లీ వేసి చూసుకుందామని. కాని మొదటి పేక మనం కొనుక్కోకూడదట కదా! ఎవరైనా బహుమతిగా ఇవ్వాలట. నల్ల పట్టుగుడ్డలో చుట్టిపెట్టాలట. పరాయివాళ్ల చెయ్యి తగలకూడదట. సంప్రదాయమట!"

నాకు ఒళ్లు మండింది. అమ్మాయి మీద కాదు, ఆ 'సంప్రదాయం' మీద.

అయ్యా, ఏది సంప్రదాయం? టారో పుట్టింది పదిహేనో శతాబ్దంలో, ఉత్తర ఇటలీలో. పుట్టింది జోస్యానికి కాదు, ఆటకు. మన ఇస్పేటు, కళావరుల్లాగే నాలుగు రంగులు, వాటికి 56 ముక్కలు. పైన 22 బొమ్మ ముక్కలు. మొత్తం 78. ఆ బొమ్మలు తురుపులు. అంతే! మిలాను ప్రభువుల కోసం బంగారు రేకు మీద చేత్తో వేసిన పేక ఒకటి ఇప్పటికీ ఉంది. అందులో మిగిలిన 74 ముక్కల్లో 35 న్యూయార్కులోని మోర్గాన్ గ్రంథాలయంలో, తక్కినవి ఇటలీలోని బెర్గామోలో ఉన్నాయి. ఇప్పుడు లేని నాలుగింటిలో సైతాను ముక్క ఒకటి. సైతాను లేనందువల్ల ఆ పేకకు విలువేమీ తగ్గలేదు.

మరి జోస్యం ఎక్కడినుంచి వచ్చింది? 1781లో పారిస్‌లో కూర్ ద జెబలాఁ అనే పండితుడు, ఇది ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని రాసేశాడు. ఈజిప్టు బొమ్మల లిపిని షాంపోలియన్ ఛేదించింది 1822లో. అంటే, ఆ లిపిలో ఒక్క అక్షరం చదవగలిగినవాడు లోకంలో లేని రోజుల్లో, నలభై ఏళ్లు ముందుగానే, ఈయన అందులోని రహస్యం చెప్పేశాడన్నమాట! ఆ తర్వాత జోస్యానికని ప్రత్యేకంగా పేకలు అచ్చువేసి అమ్మినవాళ్లు వచ్చారు. ఫ్రాన్సులో, ఆస్ట్రియాలో జనం మాత్రం ఈనాటికీ టారో ముక్కలు వేసుకుని హాయిగా ఆడుకుంటున్నారు. మూడొందల ఏళ్ల ఆట సంప్రదాయం కాదట, తర్వాత అంటించిన భయం సంప్రదాయమట!

"పోనీ లెండి, బొమ్మ చూస్తే మనసులో మాట తేటపడుతుంది, అందులో తప్పేముంది?" అనేవాళ్లున్నారు. తప్పేమీ లేదు. గోడమీద పెచ్చులూడిన మచ్చను చూస్తూ కూడా మనిషి ఆలోచించుకోవచ్చు. కాని ఆ మచ్చ, నువ్వు ఊరు దాటితే చస్తావని చెప్పదు. చెప్పి రుసుం అడగదు.

నాకింత కోపం ఎందుకంటారా? మా అక్కకు ఇరవయ్యో ఏట ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి అక్కకు నచ్చాడు. లగ్నాలు పెట్టుకోబోయే వారంలో మా అమ్మ అరుగుమీద కూర్చుని చిలకచేత ముక్క తీయించింది. బొమ్మ చూసి జోస్యగాడు పెదవి విరిచాడు. ఆరు నెలలు ఆగమన్నాడు. అమ్మ ఆగింది. అవతలివాళ్లు ఆగలేదు. పాపం, ఆ చిలకకు తెలిసింది వడ్లగింజ ఒక్కటే. అక్క ఈ సంగతి ఇప్పటికీ నవ్వుతూనే చెబుతుంది. నవ్వడం అయ్యాక మాత్రం కాసేపు ఏమీ మాట్లాడదు.

అందుచేత అమ్మాయికి నేను చెప్పినదే మీకూ చెబుతున్నాను. పేక కొనుక్కోండి. మీ డబ్బుతో మీరే కొనుక్కోండి. పదిమంది చేతులూ పడనివ్వండి. పేక పుట్టిందే అందుకు.

కొత్తవాళ్లు బొమ్మల కోసమైతే 1909లో లండన్‌లో రైడర్ సంస్థ వేసిన పేక తీసుకోవచ్చు. అందులో 56 చిన్న ముక్కలకు కూడా కథలాంటి బొమ్మలుంటాయి. వెయిట్ అనే ఆయన ఆలోచనకు అన్ని బొమ్మలూ గీసిన మనిషి పమేలా కోల్‌మన్ స్మిత్. చాలాకాలం ఆ పేకను రైడర్–వెయిట్ పేక అనే పిలిచారు. గీసిన చేతికి పేరు లేదు. ఆవిడ 1951లో అప్పులతో కన్నుమూసింది. తన భవిష్యత్తు తెలుసుకోవడానికి ఆమెకు ఆ ముక్కలేమీ పనికిరాలేదు. కాబట్టి పెట్టెమీద ఆమె పేరున్న ముద్రణే కొనండి. పాతకాలపు రూపు కావాలంటే మార్సెయ్ పేక ఉంది. అందులో చిన్న ముక్కల మీద మన పేకలోలాగే గుర్తులే ఉంటాయి. ఆటకు అదే తగింది. పెట్టె విప్పి 78 ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. తమకు తోచినన్ని ముక్కలు వేసి జోస్యం పేక అని అమ్మేవి వేరే ఉన్నాయి. అవి టారో కావు. బొమ్మలు మసకబారి, వేసినవారి పేరు ఎక్కడా లేకపోతే దొంగ అచ్చు అనుకోండి.

ఇక సేకరించేవారికి ఒక మాట. మిలాను దాకా వెళ్లే ముందు నిర్మల్ వైపు ఒకసారి చూడకూడదా? కొయ్యబొమ్మలకు పేరుపడ్డ ఆ నిర్మల్‌లోనే ఒకప్పుడు గుండ్రటి గంజీఫా ముక్కలు కూడా రంగులద్ది చేసేవారు. గంజీఫా మాట 1527లోనే బాబరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. మత్స్యానికి చేప, కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి. ప్రతి రంగుకూ ఒక రాజు, ఒక మంత్రి. పగలు ఆడితే రాముడి ముక్క ఉన్నవాడు మొదలుపెట్టాలి, రాత్రి ఆడితే కృష్ణుడి ముక్క ఉన్నవాడు. సగం రంగుల్లో పది పెద్దది. తక్కిన సగంలో ఒకటి పెద్దది. సాక్షాత్తు దేవుళ్లనే ముక్కల మీద వేసుకున్న మనవాళ్లు, వాటితో ఆట ఆడారు! ఇవాళ సావంత్‌వాడిలో, ఒడిశాలో ఇంకా చేసే చేతులున్నాయి. సేకరణ అంటే ఆ చేతులకు నాలుగు డబ్బులు చేరడం.

నిన్న సాయంత్రం అమ్మాయి మార్సెయ్ పేక పట్టుకొచ్చింది. సొంత డబ్బే. వాళ్లమ్మా, మా ఆవిడా, మేమిద్దరమూ చాపమీద కూర్చుని పంచుకున్నాం. మా ఆవిడ గంభీరంగా పదమూడో నంబరు తురుపు దించింది. అమ్మాయి ముఖం ఒక్కక్షణం వాడింది.

"దానిమీద కొట్టే ముక్కలు ఇంకా ఎనిమిదున్నాయి. నీ చేతిలో చూసుకో" అన్నాను.

చూసుకుంది. పంతొమ్మిది, సూర్యుడు. పట్టు తనే తీసుకుంది.

వచ్చేనెల ఒకటో తారీకున ఉద్యోగంలో చేరాలట. రైల్లో ఆడుకోవడానికి పేక వెంట తీసుకెళుతుందట. నల్లగుడ్డ మాత్రం కొనలేదు.