కుళ్ళుకు మొక్కేది యెవరు?

ఇంగ్లండులో పుట్టిన వార్‌హామర్ అనే క్రీడాగాథలో కుళ్ళుకు వొక దేవుడున్నాడు. పేరు నర్గల్. అతడు రోగాలను వరాలుగా పంచుతాడు. భక్తులు తమ పుండ్లను చూసుకొని మురిసిపోతారు. "మన అశ్వారావుపేట అడవిపల్లెల్లో ముత్యాలమ్మకు మొక్కేవాళ్ళూ అంతే కదండీ" అన్నాడు వొక విద్యార్థి. తరగతి నవ్వింది. యిటువంటి నవ్వును అభ్యుదయ సాహిత్య సభల్లో కూడా విన్నాను. దీనికి సమాధానం చెప్పక తప్పదు.

తెలుగుపల్లె రోగానికి దేవతను కల్పించుకున్న మాట నిజమే. మశూచిని "అమ్మవారు" అన్నది. అయితే ఆ కొలుపు తంతు గమనించండి. వేపమండలు, పసుపునీళ్ళు, చల్లని అన్నం, బలి — అన్నీ ముగిశాక అమ్మను వూరి పొలిమేర దాటించి సాగనంపుతారు. ప్రేమించిన దేవతను యెవరైనా పొలిమేర దాటిస్తారా? మందులేని జనం చావుతో ఆడిన బేరమది.

మరి లింగపురాణం యేం చేసింది? లక్ష్మికి అక్క అయిన జ్యేష్ఠాదేవికి, అనగా దరిద్రదేవతకు, వేదఘోష వినబడని యిళ్ళను కాపురంగా రాసిచ్చింది. దరిద్రానికి దోపిడీ కారణం కాదట, ఆచారలోపం కారణమట! పల్లెజనం కుళ్ళును వెళ్ళగొట్ట జూశారు. పురాణం దాన్ని తక్కువవాడి గడపకు కట్టేసింది.

అంతమాత్రాన "జాతరే మన వైద్యం" అనే కొత్త పూజారులతో కూడా మనం గొంతు కలపలేం. మశూచిని వెళ్ళగొట్టింది 1796లో జెన్నర్ కనిపెట్టిన టీకా. దాన్ని గడపగడపకూ మోసిన మామూలు వుద్యోగుల కాళ్ళు. 1975 మే తరువాత మన దేశంలో ఆ రోగం సహజంగా సోకిన మనిషి లేడు. 1980లో ప్రపంచమంతటా అది అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అమ్మ గుడి నిలిచే వుంది, రోగం పోయింది.

యిక చలిజ్వరం సంగతి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాదులోనే. అంత దగ్గర పుట్టిన జ్ఞానం గోదావరి ఒడ్డు అడవులకు చేరడానికి యెన్ని తరాలు పట్టింది? ఆ తరాలన్నీ జ్వరంతో రాలిపోయాయి. ఆ తరాలు దోమకు గుడి కట్టలేదే! యిక్కడి కలపా బొగ్గూ బయటికి పోవడానికి దొరికినంత తొందరగా, మందు లోపలికి రావడానికి దారి దొరకలేదు.

కారణం తెలిసీ, మందు వుండీ, "అడవిలో జ్వరాలు మామూలే" అని కాగితం మూసేసేవాడే కుళ్ళుకు అసలైన పూజారి. వాడికి వేపచెట్టూ అక్కర్లేదు, బలీ అక్కర్లేదు; మన నిర్లక్ష్యమే వాడికి నైవేద్యం. మన కలాలకు గురి వాడే కావాలి.

జ్వరపడ్డ బిడ్డను భుజాన వేసుకొని ముత్యాలమ్మ ముందు నిలబడ్డ తల్లిని చూసి నవ్వబోయే రచయిత ముందొక ప్రశ్న వేసుకోవాలి: ఆమె గడపకు ఆసుపత్రి యెంత దూరం?