ఖామోషీకి ఇజ్జత్ అని పేరు పెట్టకండి

యూనివర్సిటీలో చదివే బేటీ ఇంటికొచ్చి, ఫలానా ప్రొఫెసర్ చూపు బాగాలేదనో, ఫలానా సీనియర్ అర్ధరాత్రి పాడు మెసేజులు పెడుతున్నాడనో చెప్పిందనుకోండి. మన ఇళ్లలో మరుక్షణమే ఫైసలా అయిపోతుంది: "చదివింది చాలు. మంచి రిష్తా చూసి నిఖా చేసేద్దాం." ఆ తప్పు చేసినవాడు మర్నాడు దర్జాగా క్లాసుకెళ్తాడు. మన పిల్ల సర్టిఫికెట్లు బీరువాలోకి వెళ్తాయి. సజా ఎవరికి పడినట్టు?

"బద్నామ్ అవుతాం, ఇజ్జత్ పోతుంది" అంటారు. ఎవరి ఇజ్జత్ అని నేనడుగుతున్నా. జేబు కొట్టినవాణ్ణి దొంగ అంటాం గానీ, జేబు పోయినవాణ్ణి బేషరమ్ అనం కదా! ఈ ఒక్క జుర్మ్‌లోనే మజ్లూమ్ మొహం దాచుకోవాలి, జాలిమ్ తలెత్తుకు తిరగాలి. దీన్ని హయా అంటే నేనొప్పుకోను.

దారులు లేవా అంటే, ఉన్నాయి. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013లో కానూన్, ఆ తర్వాత యూజీసీ 2015 నియమాలు వచ్చాయి. ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. దానికి సీనియర్ అధ్యాపకురాలు సదర్. బయటి సంస్థ నుంచి కూడా ఒకరుండాలి. జరిగిన 3 నెలల్లోపు రాసివ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఆ గడువును మరో 3 నెలలు పెంచవచ్చు. రాయలేకపోతే సాయం చేయడం కమిటీ ఫర్జ్. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

"మార్కులు వాడి చేతిలోనే ఉన్నాయి కదా?" ఈ భయం నిజమైనదే. అందుకే విచారణ సాగేటప్పుడు ఆమె పేపర్లు వాడు దిద్దకుండా ఆపే వీలు నియమాల్లోనే ఉంది. ఆమె పేరు బయటపెట్టకూడదు. గవాహీ దొరకనంత మాత్రాన అది అబద్ధపు ఫిర్యాదు అయిపోదు. కమిటీతో పాటు పోలీసు దారీ ఉంది: 112, మహిళల హెల్ప్‌లైన్ 181, ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్.

మనవాళ్లు మొదట చేసేదేమిటి? ఫోన్ లాక్కుని మెసేజులు చెరిపేయడం! అరె భాయ్, రేపటి సబూత్ అవే. తర్వాత మొహల్లా పెద్దలు కూర్చుని, ఇంత ఇప్పించి సులహ్ చేసేస్తారు. కమిటీ ముందు రాజీ మాట ఆ అమ్మాయి కోరితేనే రావాలి, డబ్బుతో రాజీ అసలే కుదరదు. కానూన్ ఆమెకిచ్చిన ఈ హక్‌ను మన చబూత్రాల మీద కూర్చుని లాక్కుంటున్నాం.

కమిటీలు కొన్నిచోట్ల కాగితాల మీదే ఉంటాయి, నిజమే. అడిగేవాళ్లు లేకే అలా ఉంటాయి. అడ్మిషన్ రోజున ఫీజు, హాస్టల్, బస్సు గురించి వాకబు చేస్తాం కదా, కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయా అని కూడా అడగండి.

అబ్బాజాన్‌లకు నా దరఖాస్తు ఒక్కటే. బేటీ నోరు విప్పినరోజు, "నువ్వెందుకెళ్లావ్" అనకండి. "నేనున్నా, పద రాసిద్దాం" అనండి. బేటాలనూ పక్కన కూర్చోబెట్టి ఈ కానూన్ వినిపించండి. జాలిమ్‌లూ ఎవరో ఒకరి ఇంట్లోనే పెరుగుతారు.